రోలర్ మీద 50 కిలోమీటర్లంటే రోడ్డు మీద ఎన్ని?

దసరా వెళ్ళి పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయిందంటే విజయనగరంలో సైకిల్ తొక్కేవాళ్ళకి రెండు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి రైడ్ల సీజను. నవంబరు నుంచి బీఆర్ఎంల (ఇచ్చిన టైములో 200, 300 కి.మీ. లాంటి దూరాలు పూర్తి చేసే రైడ్లు) కొత్త క్యాలెండరు, చలి కాస్త పడగానే ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకు ప్లాన్లు, ఆదివారం అయితే భీమిలి బీచ్ రోడ్డు, ఇలా. రెండోది వాన. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న, అంటే సరిగ్గా కాళ్ళు సిద్ధం చేసుకోవాల్సిన రోజుల్లోనే ఇక్కడ రోడ్ల మీద చెట్లు పడేది, కాజ్‌వేలు మునిగేది. అంత పెద్ద తుపాను కాకపోయినా ఒక అల్పపీడనం వస్తే చాలు, నాలుగైదు రోజులు సైకిలు గుమ్మం దాటదు.

అందుకే సైకిలుని ఇంట్లోనే ఉన్నచోట తొక్కుకునే రోలర్ కొనుక్కున్నవాళ్ళు పెరిగారు, దాంతోపాటు టిఫిన్ దగ్గర గొడవలూ పెరిగాయి. ఒకరు పొద్దున్నే ఇంట్లో 50 కి.మీ. తొక్కేశా అంటారు, పక్కాయన వెంటనే "ఇంట్లో కదలకుండా తొక్కింది ఏటి లెక్క మావా, ఊరెల్లొచ్చావా" అంటాడు, మూడో మనిషి అందుకుని గంట రోలర్ అంటే గంటన్నర రోడ్డుతో సమానం, తెలీకపోతే ఊరుకో అంటాడు. నన్నడిగితే ముగ్గురూ వాదించుకుంటున్నది తప్పు నెంబరు గురించి. అదెందుకో తెలియాలంటే ముందు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడాలి.

మూడు డ్రమ్ములు, ఒక బెల్టు

రోలర్ అంటే పెద్ద యంత్రమేం కాదు. ఒక చట్రం, అందులో అడ్డంగా మూడు గొట్టాలు, వీటినే డ్రమ్ములంటారు, బేరింగుల మీద తిరుగుతుంటాయి. వెనక చక్రం రెండు డ్రమ్ముల మధ్య సందులో కూర్చుంటుంది, ముందు చక్రం మూడో డ్రమ్ము మీద ఉంటుంది. మనం తొక్కితే వెనక చక్రం కింద ఉన్న రెండు డ్రమ్ములూ తిరుగుతాయి, వాటిలో ఒకదాని నుంచి ముందు డ్రమ్ముకి బెల్టు వేసి ఉంటుంది కాబట్టి అదీ తిరుగుతుంది, దాని మీదున్న ముందు చక్రమూ తిరుగుతుంది. సైకిలుని దేనికీ బిగించరు, కట్టరు. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది కలగలిపేస్తున్నారు. టర్బో ట్రైనర్ అనేది వేరు. దానికి సైకిలు వెనక ఇరుసుని స్టాండుకి బిగించేస్తారు, ముందు చక్రం నేల మీద ఊరకే ఉంటుంది, పడిపోయే ప్రశ్నే లేదు. స్మార్ట్ ట్రైనర్ అంటే అందులో ఖరీదైన రకం, ఎక్కువగా వెనక చక్రం విప్పేసి చెయిన్ నేరుగా యంత్రానికే తగిలించడం, ఫోన్‌లో చెప్పినంత బరువు అదే వేస్తుంది, తెర మీద కొండ వస్తే కాళ్ళకీ కొండ తగులుతుంది. దాని ఖరీదులో మామూలు సైకిళ్ళు రెండు మూడు వస్తాయి, పైగా కరెంటు పోతే ఆ కొండా పోతుంది. రోలర్లలో కూడా రకాలున్నాయి, డ్రమ్ము అంచులు మధ్యభాగం కంటే కొంచెం లావుగా ఉండి చక్రాన్ని మళ్ళీ మధ్యకి తోసేవి, అయస్కాంతం పెట్టి బరువు పెంచేవి. ఇక్కడ మాట్లాడుకునేది మామూలు మూడు డ్రమ్ముల రోలర్ గురించి, ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే.

పడిపోతామా, గోడకి గుద్దుకుంటామా

మొదటిసారి రోలర్ ఎక్కేవాళ్ళని చూస్తే అందరూ ఒకేలా చేస్తారు. గుమ్మం మధ్యలో రోలర్ వేస్తారు, కుడిచెయ్యి ద్వారబంధం మీద, ఎడమచెయ్యి హ్యాండిల్ మీద, వేళ్ళ కణుపులు తెల్లబడిపోయేంత గట్టిగా పట్టుకుంటారు, చూపు మాత్రం ముందు చక్రం మీదే. భయంతో నెమ్మదిగా తొక్కుతారు. చక్రం ఎడమకి పోతుంది, గభాల్న కుడికి తిప్పుతారు, అది కుడి అంచు దాకా వచ్చేస్తుంది, మళ్ళీ ద్వారబంధం.

ఇందులో కష్టం ఎక్కడుందంటే, సైకిలు నిలబడేది హ్యాండిల్ వల్ల. ఎటు ఒరిగితే అటు చక్రం కొంచెం తిరిగి, సైకిలుని మళ్ళీ మన బరువు కిందకి తెచ్చుకుంటుంది. చక్రాలు గిర్రున తిరగడం వల్లే సైకిలు నిలబడుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం గానీ అది పూర్తి కథ కాదు. 2011లో కార్నెల్, డెల్ఫ్ట్ యూనివర్సిటీల వాళ్ళు ఆ గిరగిర ప్రభావం లేకుండా చేసిన ఒక సైకిలుని తయారుచేసి తోసి వదిలితే అది కూడా దానంతటదే నిలబడింది. స్పీడు సగమైతే అదే సర్దుబాటుకి హ్యాండిల్ దాదాపు నాలుగు రెట్లు తిప్పాల్సొస్తుంది. రోడ్డు మీద అలా నాలుగు రెట్లు తిప్పినా పర్లేదు, రోడ్డు వెడల్పుంది. డ్రమ్ము వెడల్పు మూరెడు కూడా ఉండదు. అందుకే భయపడి నెమ్మదిగా తొక్కేవాడే ఎక్కువ ఊగుతాడు, కాస్త స్పీడందుకున్నవాడు తిన్నగా ఉంటాడు. దీనికి తోడు కళ్ళ గొడవ ఒకటి. రోడ్డు మీద చెట్లూ స్తంభాలూ వెనక్కి పోతూ మనం ఎటు ఒరుగుతున్నామో చెప్తుంటాయి. గదిలో గోడ కదలదు. చక్రం మీంచి చూపు తీసి ఎదురుగా గోడ మీద ఒకచోట పెట్టగానే చాలామందికి ఊగడం తగ్గేది ఇందుకే.

ఇక రెండో భయం, చక్రం డ్రమ్ము దిగి నేలకి తగలగానే సైకిలు బాణంలా దూసుకెళ్ళి గోడకి కొట్టేస్తుందని. లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలు, నీళ్ళు అన్నీ కలిపి 12, మొత్తం 82 కిలోలు. రోడ్డు మీద 25 కి.మీ. స్పీడులో ఈ 82 కిలోలూ ముందుకి పోతుంటాయి. రోలర్ మీద మనిషి ఎక్కడికీ పోవట్లేదు, కదులుతున్నది చక్రాల అంచులు మాత్రమే, ఒక్కోటి కిలో, కిలోంపావు ఉంటాయేమో. ఆ రెండు చక్రాల ఊపు మొత్తం నేలకి తగిలి సైకిలుకి బదిలీ అయినా 82 కిలోలకి వచ్చే స్పీడు గంటకి కిలోమీటరు కూడా ఉండదు. ఒక కుదుపు, అంతే. కంగారులో ఇంకా గట్టిగా తొక్కితే మాత్రం మామూలుగా బయల్దేరిన సైకిలు లాగే ముందుకి వెళ్తుంది. నిజంగా తగిలే దెబ్బ ముందుకి కాదు పక్కకి, ఆగిన సైకిలు మీంచి కాలు ఆనక పడ్డట్టు, అదీ డ్రమ్ముల ఎత్తు అదనంగా కలిసి. పక్కన మంచం అంచో గ్యాస్ సిలిండరో ఉంటే అప్పుడు చెప్పలేం.

మీటరు కొలిచేది ఏంటి

ఫోన్‌లో జీపీఎస్ పెట్టి రోలర్ మీద గంట తొక్కితే దూరం సున్నా వస్తుంది. చక్రానికి సెన్సర్ పెట్టుకుంటే 30 వస్తుంది. రెండూ అబద్ధం చెప్పట్లేదు. సెన్సర్ చేసే పని ఒకటే, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి చక్రం చుట్టుకొలతతో గుణించడం. ఆ తిప్పడానికి మనకి ఎంత కష్టమైందో దానికి తెలీదు.

కష్టానికి కొలత వాట్లు. ఒక వాటు శక్తితో ఒక సెకండు పనిచేస్తే ఒక జౌలు, వెయ్యి జౌళ్ళు ఒక కిలోజౌలు. ఇంట్లో ఫ్యాను 70 వాట్లు అంటే ఎంతో, కాళ్ళు 70 వాట్లు అంటే కూడా అంతే, కొలత ఒకటే.

రోడ్డు మీద ఈ వాట్లు ఎక్కడికి పోతాయంటే, చదునైన రోడ్డయితే ఎక్కువ భాగం గాలికి. పైన చెప్పిన 82 కిలోలకే లెక్క చూస్తే 25 కి.మీ. స్పీడుకి సుమారు 110 వాట్లు కావాలి, 30కి 170 దాటుతుంది, 35కి 250 చిల్లర. గాలి ఎదురుతోపు స్పీడు వర్గంతో పెరుగుతుంది, దానికి కావల్సిన శక్తి ఘనంతో పెరుగుతుంది. అందుకే రోడ్డు మీద 25 నుంచి 35కి వెళ్ళడం అంటే పది కిలోమీటర్ల తేడా కాదు, రెండింతలకి పైన కష్టం.

రోలర్ మీద గాలే లేదు. అక్కడ మనల్ని ఆపేది టైరు నలగడం. నున్నటి రోడ్డు మీద టైరు కొంచెమే నలుగుతుంది, చిన్న డ్రమ్ము అంచు మీద ఎక్కువ నలుగుతుంది, అదీ వెనక చక్రానికి రెండు చోట్ల. డ్రమ్ము ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ నలుగుతుంది, టైరులో గాలి ఎంత తక్కువుంటే అంత ఎక్కువ. ఈ రకం ఎదురుతోపు స్పీడుతో పెద్దగా మారదు, కాబట్టి కావల్సిన శక్తి స్పీడుతోపాటు నేరుగా, మెట్టుకి మెట్టు అన్నట్టు పెరుగుతుంది. 25కి 70 వాట్లు పట్టే రోలరయితే 35కి 98 పడుతుంది, 250 కాదు. రోలర్ మీద గంటకి 40 కొట్టానని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, ఆ 40కీ రోడ్డు మీద 40కీ చుట్టరికం లేదంతే.

ఒకరికి 34, ఇంకొకరికి 58

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఇద్దరు మనుషులు, ఒకటే రోలర్ అనుకుందాం. మొదటాయనది రోడ్డు సైకిలు, సన్నటి టైర్లు, గాలి రాయిలా కొట్టాడు. ఈ రోలర్ మీద ఆయనకి 25 కి.మీ. స్పీడుకి 70 వాట్లు చాలు. రెండో ఆయనది హైబ్రిడ్ సైకిలు, లావు టైర్లు, గాలి చూసి నెల అయింది. అదే స్పీడుకి ఆయనకి 120 వాట్లు పడుతోంది. ఇద్దరూ 25 స్పీడులో రెండు గంటలు, అంటే 50 కి.మీ. తొక్కారు.

రెండు గంటలంటే 7,200 సెకండ్లు. మొదటాయన పని 70 ఇంటూ 7,200, అంటే 504 కిలోజౌళ్ళు. రెండో ఆయనది 864. మీటర్లు రెండూ 50 అనే చూపిస్తున్నాయి.

రోడ్డు మీద ఎంతవుతుంది? విజయనగరం నుంచి ఎస్.కోట వైపు వెళ్ళి వచ్చే 60 కి.మీ. రైడు, చిన్న చిన్న ఎత్తులు కలుపుకుని సగటు 22, 23 స్పీడులో, కిలోమీటరుకి ఇంచుమించు 15 కిలోజౌళ్ళు అనుకోవచ్చు. ఆ లెక్కన మొదటాయన రోలర్ 50 అంటే రోడ్డు మీద సుమారు 34 కి.మీ., రెండో ఆయన 50 అంటే 58 కి.మీ. అదే రోలరు, అదే మీటరు. మొదటాయన ఇంకో ఇరవై నిమిషాలు ముందే అయిపోవాలని 30 స్పీడులో తొక్కినా 50 కి.మీ.కి చేసే పని మాత్రం ఆ 504 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఎదురుతోపు మారలేదు. రోడ్డు మీదయితే స్పీడు పెంచితే కిలోమీటరు ఖరీదే పెరిగిపోతుంది.

కాబట్టి రోలర్ కిలోమీటరుకి రోడ్డు కిలోమీటరుకి మారకం రేటు అంటూ ఏదీ లేదు. వాట్లు చూపించే పెడల్స్, క్రాంకులు (పెడల్స్ బిగించే కడ్డీలు) ఉన్నవాళ్ళకి గొడవ లేదు. లేనివాళ్ళు కిలోమీటర్లు వదిలేసి నిమిషాలు, గుండె స్పీడు చూసుకుంటున్నారు, అదీ లేకపోతే ఊపిరి. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే నెమ్మది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సొస్తే మధ్యస్థం, ఒక్క ముక్కలో జవాబిస్తే గట్టిది. ఈ కొలత డ్రమ్ముకీ టైరుకీ సంబంధం లేకుండా పనిచేస్తుంది.

గంట, గంటన్నర గొడవ

గంట రోలర్ గంటన్నర రోడ్డుతో సమానం అనే మాటకి మూలం ఉంది. 25 స్పీడులో రోడ్డు మీద పోతున్న 82 కిలోలలో దాచుకున్న ఊపు సుమారు 2,000 జౌళ్ళు. పెడలు ఆపినా ఆ ఊపు మీద సైకిలు చాలాదూరం పోతుంది. రోలర్ మీద చక్రాలు, డ్రమ్ములు అన్నీ కలిపినా 130, 150 జౌళ్ళు మించదు. 70 వాట్లు తినే రోలర్ మీద అది సుమారు నాలుగు సెకండ్లలో ఖాళీ. అంటే పెడలు ఆపడం అనే సుఖం రోలర్ మీద లేదు. దిగుడు లేదు, సిగ్నలు లేదు, ముందు వెళ్ళేవాళ్ళ వెనక గాలి తగలకుండా దాక్కోవడం లేదు.

దీన్ని లెక్కలో పెడితే, విజయనగరం గంటస్తంభం నుంచి నెల్లిమర్ల వైపు వెళ్ళి వచ్చే గంట రైడులో ఆటోలు, స్పీడ్ బ్రేకర్లు, రైల్వే గేటు, అన్నీ పోగా నిజంగా కాలు బలం పెట్టేది 48 నిమిషాలు అనుకుందాం. రోలర్ గంటలో 60కి 60. నిష్పత్తి 1.25. అదే శ్రీకాకుళం దాటి టెక్కలి వైపు ఖాళీ హైవే మీద పొద్దున్న ఐదింటికి అయితే 60లో 57 నిమిషాలు తొక్కుతూనే ఉంటాం, నిష్పత్తి 1.05. గంటన్నర రావాలంటే గంటలో 20 నిమిషాలు ఊరకే కూర్చోవాలి, పండగ ముందు ఊరి మధ్యలో తొక్కితే రావచ్చేమో. ఇదంతా ఇద్దరూ ఒకే వాట్లు పెడుతున్నారంటేనే, ఆ మాట ఎవరూ చెప్పట్లేదు.

ఊపు లేకపోవడానికి ఇంకో వైపు కూడా ఉంది, రోలర్ అభిమానులు చెప్పేది ఇదే. పెడలు పైన, కింద ఉన్నప్పుడు దాన్ని తిప్పే బలం బాగా తగ్గిపోతుంది. రోడ్డు మీద ఆ ఖాళీని 2,000 జౌళ్ళ ఊపు కప్పేస్తుంది. రోలర్ మీద కప్పేది లేదు, చెవికి వినిపించేస్తుంది. కాళ్ళు గతుకులుగా తిప్పేవాళ్ళ రోలర్ దూరం నుంచి పిండిమర పట్టీ జారుతున్నట్టు ఎగిసి పడుతూ మోగుతుంది, నున్నగా తిప్పేవాళ్ళది ఒకే శృతిలో పోతుంది. కొన్ని వారాల్లో ఆ చప్పుడు మారడం చాలామందిలో చూడొచ్చు. అయితే నున్నగా తిప్పడం వేరు, తక్కువ ఖర్చుతో తిప్పడం వేరు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో సైక్లిస్టులని పెడలు పైకి లాగుతూ తొక్కమంటే బలం చక్రమంతా సమానంగా పడింది గానీ శరీరం ఖర్చు పెట్టే శక్తి మాత్రం పెరిగింది. రోలర్ వల్ల తిన్నగా, వేగంగా తిప్పడం వస్తుంది అన్నంతవరకు ఒప్పుకోవచ్చు, దాంతో రోడ్డు మీద శక్తి మిగిలిపోతుంది అనేది దానంతటది రాదు.

గదిలో గాలి ఉండదు

మన వైపు అన్నిటికంటే పెద్ద లెక్క ఇదే, చలిదేశాల్లో రాసినవి చదివితే దీని బరువు తెలీదు.

కాళ్ళు 140 వాట్ల పని చెయ్యాలంటే శరీరం దాదాపు 640 వాట్లు ఖర్చు పెడుతుంది, మన కండరాల సామర్థ్యం నూటికి 22 దగ్గర ఉంటుంది. మిగతా 500 వాట్లు వేడి. చిన్న ఇస్త్రీ పెట్టె ఒకటి ఒంట్లో నడుస్తున్నట్టే లెక్క. ఆ వేడి పోయే ప్రధానమైన దారి చెమట ఆరడం. లీటరు చెమట ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పట్టుకుపోతుంది. గంటకి 500 వాట్లంటే 1,800 కిలోజౌళ్ళు, అంటే గంటకి ముప్పావు లీటరు చెమట ఆరాలి. కారాలి అనట్లేదు, ఆరాలి. నేల మీద బొట్లు బొట్లుగా పడ్డ చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్ళు పోయాయి, ఉప్పు పోయింది, వేడి అక్కడే ఉంది.

రోడ్డు మీద 25 స్పీడులో వెళ్తుంటే 25 స్పీడు గాలి ఉచితంగా ఒంటికి తగులుతుంది. గదిలో అది సున్నా, వాన రోజుల్లో కిటికీలు మూసి ఉంటాయి, బయట గాలిలోనే తేమ నిండి ఉంటుంది. అందుకే అరగంట దాటాక అదే స్పీడులో, అదే గేరులో గుండె నిమిషానికి 135 నుంచి 150కి ఎక్కిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గి, రక్తంలో కొంత చర్మం వైపు మళ్ళి, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సొస్తుంది. గుండె లెక్క చూసుకుని ఈ రోజు గట్టిగా చేశా అనుకునేవాళ్ళు చేసింది ఒక్కోసారి గట్టి పని కాదు, ఉడికిపోవడం.

చెమట ఎంత పోయిందో ఇంట్లో తూకం చెప్తుంది. ఎక్కే ముందు 70.0 కిలోలు, దిగాక ఒళ్ళు తుడుచుకుని చూస్తే 69.1, మధ్యలో అర లీటరు తాగారు. పోయింది 0.9 కలిపి 0.5, అంటే 1.4 లీటర్లు. అందులో ఆరాల్సింది ముప్పావు లీటరే అనుకుంటే మిగతా సగం టవలుకీ టైల్సుకీ పోయిందన్నమాట. కొంత సైకిలుకి కూడా పోతుంది. ముక్కు కొస నుంచి జారే బొట్లు సరిగ్గా హ్యాండిల్ మధ్యలో ఉండే స్టెమ్ బోల్టుల తలల్లో పడతాయి, ఆ గుంటల్లో ఉప్పు పేరుకుంటుంది, మనది అసలే సముద్రపు గాలి, ఒక సీజనులో ఎర్రటి తుప్పు తేలుతుంది, తర్వాత అలెన్ కీ పట్టదు.

ఫ్యాను విషయంలో రెండు మాటలున్నాయి. వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఎండలో రైడు ఉంటే ఉక్కలో తొక్కడం మంచిదే అని ఒకరు. ఉక్కలో కాళ్ళు అలవకముందే ఒళ్ళు అలిసిపోతుంది, కాళ్ళకి శిక్షణ అందదు అని ఇంకొకరు. రెండూ నిజమే, కాకపోతే డిసెంబరు అరకు కోసం తొక్కుతున్నవాళ్ళకి ఉక్క అలవాటుతో ఏం పని? స్టాండు ఫ్యాను ఎదురుగా పెట్టుకోవడమే లాభం. కరెంటు పోతే రోలర్ ఆగదు గానీ ఫ్యాను ఆగుతుంది, ఇన్వర్టరు మీద తిరిగే సీలింగ్ ఫ్యాను గాలి ఛాతీకి తగలదు.

అరకు ఘాట్‌కి సరిపోతుందా

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఎస్.కోట దాదాపు కిందనే ఉంది. 82 కిలోలని 900 మీటర్లు పైకి మోయడానికి కావల్సిన పని 724 కిలోజౌళ్ళు. నూటికి 5 వాలులో గంటకి 10 కి.మీ. చొప్పున ఎక్కుతుంటే కాళ్ళు పెట్టాల్సింది సుమారు 134 వాట్లు, అందులో ఎత్తుకి పోయేది 112. 724 కిలోజౌళ్ళని దీంతో భాగిస్తే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. నిజం ఘాట్‌లో మధ్యలో దిగుళ్ళు, మళ్ళీ ఎత్తులు ఉంటాయి, అనంతగిరిలో టీ ఉంటుంది, కాబట్టి ఇంకా ఎక్కువే. మొత్తానికి రెండు గంటలు 134 వాట్లు.

పై రోలర్ మీద మొదటాయన 134 వాట్లు పెట్టాలంటే స్పీడు 48కి వెళ్ళాలి. పెద్ద గేరులో కూడా కాళ్ళు నిమిషానికి వంద దాకా తిప్పాలి. నిమిషానికి పెడలు ఎన్నిసార్లు తిరుగుతుందో దాన్నే క్యాడెన్స్ అంటారు. ఘాట్‌లో చిన్న గేరు లేని సైకిళ్ళకి అది 60కి పడిపోతుంది. అదే 134 వాట్లకి 60 క్యాడెన్స్‌లో క్రాంకు మీద పడే మెలి (తిప్పే బలం) 21 న్యూటన్ మీటర్లు, 100 క్యాడెన్స్‌లో 13కి కాస్త తక్కువ. గుండెకి రెండూ ఇంచుమించు ఒకటే, తొడలకీ మోకాళ్ళకీ నడుముకీ కావు. రోలర్ మీద బాగా తయారై వెళ్ళినవాళ్ళు ఘాట్ మొదట్లోనే ఊపిరి బాగానే ఉంది గానీ కాళ్ళు బరువెక్కిపోయాయి అనేది ఇందువల్లే. అయస్కాంతం ఉన్న రోలరో, కొంచెం గాలి తగ్గించిన టైరో ఈ తేడా కొంత తగ్గిస్తాయి. హైబ్రిడ్ ఆయనకి అదే రోలర్ మీద 134 వాట్లు 28 స్పీడులోనే వచ్చేస్తాయి, మెల్లగా బలంగా తొక్కొచ్చు. అంటే గాలి తగ్గిన ఆ లావు టైర్లే ఘాట్‌కి మెరుగైన తయారీ.

200లో రోలర్ నేర్పనివి

బీఆర్ఎం అంటే పోటీ కాదు, ఇచ్చిన టైములో దూరం పూర్తి చెయ్యడం. 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. 200ని 13.5తో భాగిస్తే సగటు 14.8, ఆగినవి అన్నీ కలుపుకుని. గంటకి 20 చొప్పున తొక్కితే పది గంటలు సీటు మీద, మూడున్నర గంటలు ఇడ్లీకీ పంచరుకీ, దారిలో కార్డు మీద వేయించుకోవాల్సిన ముద్రకీ. విజయనగరం నుంచి టెక్కలి దాకా వెళ్ళి తిరిగొస్తే ఇంచుమించు ఆ దూరమే.

దీనికి కావల్సిన వాట్లు పెద్దవి కావు, రోలర్ మీద వారంలో మూడు నాలుగు రోజులు గంట చొప్పున తొక్కేవాళ్ళ గుండె, కాళ్ళు ఆ స్పీడుకి చాలు. ఇబ్బంది పెట్టేవి వేరే. పది గంటల్లో అరచేతుల తిమ్మిరి, మెడ, సీటు, ఇవి గంటలో బయటపడవు. తొక్కుతూ తినడం, జేబులోంచి తీసి నోటితో చింపి, ఒంటిచేత్తో తొక్కడం రోలర్ మీద ఎవరూ చెయ్యరు, చేసినా ఒకసారే. ఇక గాలి. చలికాలంలో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, టెక్కలి వెళ్ళేటప్పుడు ఎదురుగా. గంటకి 10 కి.మీ. ఎదురుగాలి ఉంటే 25 స్పీడుకి 110 బదులు 180 వాట్లు కావాలి. గాలి చూడని శిక్షణతో వెళ్ళినవాళ్ళు మొదటి యాభైలోనే స్పీడు నిలబెట్టాలని మొండిపట్టు పట్టి కాళ్ళు కాల్చుకుంటారు.

మరి ఎవరిది రైటు

రోలరే అసలు శిక్షణ అనేవాళ్ళు తిన్నగా వెళ్ళడం, కాళ్ళు చురుగ్గా తిప్పడం చూపిస్తారు, గుంపులో పక్కపక్కన తొక్కేటప్పుడు ఇది నిజంగా కనిపిస్తుంది. ట్రాక్ రేసుల వాళ్ళు పోటీకి ముందు ఒళ్ళు వేడెక్కించుకునేది ఇప్పటికీ రోలర్ల మీదే. ట్రైనర్ మేలనేవాళ్ళ పాయింటు ఇంకోటి. కళ్ళు మూసుకుపోయేంత గట్టిగా రెండు నిమిషాలు తొక్కాలంటే పడిపోతామన్న ధ్యాస ఉండకూడదు, రోలర్ మీద ఆ ధ్యాస ఎప్పుడూ ఉంటుంది. ఇది కాదనలేం.

మూడో వాదన మన ఊళ్ళదే. మనకేమన్నా మంచు పడుతుందా, ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు ఖాళీగానే ఉంటుంది, గదిలో కూర్చోడం ఎందుకు? నాకు ఈ వాదనే బలంగా అనిపిస్తుంది, ఒక్క మినహాయింపుతో. ఆరింటికి డ్యూటీకి బయల్దేరేవాళ్ళకి, చీకట్లో హైవే మీద ఒంటరిగా వెళ్ళడం ఇంట్లో ఒప్పుకోని ఆడవాళ్ళకి, చంటిపిల్ల నిద్రలేచేలోపు గంట మాత్రమే దొరికేవాళ్ళకి రోడ్డు ఖాళీగా ఉంటే ఏం లాభం. వాళ్ళకి ఉన్నది రోలర్, లేదా అసలేమీ లేదు.

అలా వారమంతా ఇంట్లో తొక్కేవాళ్ళు కూడా రైడుకి ముందు ఒకట్రెండు ఆదివారాలు బయటికి వస్తారు, ఎక్కువగా ఎత్తుల కోసం అని చెప్తారు. నా లెక్కలో దిగుళ్ళ కోసం రావాలి. అరకు ఘాట్‌లో గాలికొండ నుంచి ఎస్.కోట వైపు దిగేటప్పుడు మలుపు మలుపుకీ ఎదురుగా బస్సు వస్తుంటే ఏ బ్రేకు ముందు పట్టాలి, ఎక్కడ వదలాలి, తడి రోడ్డు మీద ఎంత ముందుగా పట్టాలి అన్నది రోలర్ మీద ఒక్క నిమిషం కూడా ప్రాక్టీసు అవ్వదు, పెడలు ఆపితే నాలుగు సెకండ్లలో ఆగిపోయే చోట బ్రేకుతో పనేముంది.